కింది హాలు

హాలు చూడటానికి పెళ్లికొడుకుని రమ్మన్నది అతని అభిప్రాయం కోసం కాదు. తల ఊపడానికి ఒక తల కావాలి, అంతే. ఆ సంగతి అతనికీ తెలుసు. సంబంధం ఖాయమైన నాటి నుంచి అంతా అలాగే నడుస్తోంది. తేదీ కాబోయే మామగారు పెట్టారు. భోజనాల ఏర్పాటు అత్తగారు చూసుకున్నారు. ఫొటోలు తీసే మనిషిని పెళ్లికూతురే మాట్లాడింది. ప్రతిసారీ చివర్లో ఎవరో ఒకరు అతని వైపు తిరిగి "నువ్వేమంటావు?" అనేవారు. "మీ ఇష్టం, సరేలే" అనేవాడు అతను. అతను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో తోటివాళ్ళు అసలు పేరు ఏనాడో మరిచిపోయారు. అక్కడ అతని పేరే 'సరేలే'.

అలాగని నోట్లో నాలుక లేనివాడేమీ కాదు. గొడవంటే భయం. పెద్దవాళ్ళ అరుపుల మధ్య పెరిగినవాడు. ఒక్క 'సరే'తో ఎంత గాలివానైనా తగ్గుతుందని చిన్నప్పుడే కనిపెట్టాడు.

మామగారు బస్సు డిపోలో సూపర్‌వైజరు. ఏ బస్సు ఎప్పుడు కదలాలో, ఏ డ్రైవరు ఏ దారిన పోవాలో చెప్పి చెప్పి, ఇంట్లోనూ ఆయనకు అదే గొంతు స్థిరపడిపోయింది. ఆ రోజు కూడా ముందు ఆయన, వెనక అల్లుడు, మధ్యలో తాళాల గుత్తితో హాలు మేనేజరు. కింద అంతస్తులో ఉన్న పెద్ద గాజు తలుపులు దాటుకుని, భవనం పక్కనున్న మెట్లెక్కారు. ఇద్దరు పక్కపక్కన పట్టనంత ఇరుకు మెట్లు. మలుపు దగ్గర గోడకు భుజం రాసుకుంటోంది. పై అంతస్తు చేరేసరికి మామగారికి ఆయాసం వచ్చింది.

పైన హాలు బాగానే ఉంది. కొత్త రంగు వాసన. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఎర్ర కుర్చీలు. వీధి వైపు పొడుగాటి కిటికీలు.

"ఎలా ఉంది అల్లుడూ?" అన్నారు మామగారు.

"బాగుందండీ" అన్నాడు అతను. తర్వాత, పెద్దగా ఆలోచించకుండానే, "వదిన ఎలా వస్తుందండీ? లిఫ్టు లేదుగా" అన్నాడు.

మామగారు కిటికీ గొళ్ళెం పరీక్షిస్తున్నట్టు అటు తిరిగారు. మేనేజరు మాత్రం తన మాట బలపరిచే మనిషి దొరికాడనుకుని హుషారుగా అందుకున్నాడు. "నేనూ అదే చెప్పాను సార్‌కి! కింది హాలు ఆ రోజు ఖాళీగానే ఉంది, మెట్లెక్కే బాధ లేదు, తీసుకోండి అని. సారే పైదే కావాలన్నారు."

"కిందిది ఇరుకు" అన్నారు మామగారు.

"ఇరుకేంటి సార్! దాని మీదే కదా ఇది కట్టింది. రెండూ ఒకటే..." అంటూ మేనేజరు ఆయన ముఖం చూసి మిగతా మాట మింగేశాడు.

కింద వీధిలో ఏదో బండి వెనక్కి తిరుగుతున్న చప్పుడు.

"పెద్దమ్మాయి రాదు" అన్నారు మామగారు. "జనంలోకి రావడం దానికి ఇష్టం ఉండదు. రానని తనే చెప్పింది. ఇక ఆ సంగతి వదిలెయ్."

అలవాటు ప్రకారం 'సరే' అనే మాట అతని నోటిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. దిగేటప్పుడు గాజు తలుపుల దగ్గర నిలబడి లోపలికి చూశాడు. వెడల్పాటి గుమ్మం. కనీసం గడప కూడా లేదు.

*

మామగారికి ఇద్దరు కూతుళ్ళు. ఇంట్లో వాళ్ళని పెద్దమ్మాయి, చిన్నమ్మాయి అనే పిలుస్తారు. అతను చేసుకోబోయేది చిన్నమ్మాయిని. రెండేళ్ల కిందట ఒక వానరోజు చిన్నమ్మాయి స్కూటరు నడుపుతుంటే వెనక అక్క కూర్చుంది. మలుపులో లారీ అడ్డొచ్చింది. చిన్నమ్మాయికి మోచేతులు చీరుకుపోయాయి. అక్కకు వెన్ను దెబ్బతింది. అప్పటినుంచి చక్రాల కుర్చీయే. పెళ్లిమాటలకు ముందే చిన్నమ్మాయి అతనికి ఈ సంగతి చెప్పింది. గబగబా, తల ఎత్తకుండా. ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు. అతనూ అడగలేదు.

మర్నాడు దుకాణం వెనక గదిలో అతను అద్దాలు అరగదీస్తుంటే చెయ్యి కుదరలేదు. ఫ్రేములో కూర్చోవలసిన అద్దం ఒక అంచున ఎక్కువ తెగి, పనికిరాకుండా పోయింది. యజమాని తొంగిచూసి, "ఏమయ్యా సరేలే, పెళ్లికూతురి ముఖం కనపడుతోందా అద్దంలో?" అన్నాడు. అతను నవ్వలేకపోయాడు.

మధ్యాహ్నం భోజనం వేళకు చిన్నమ్మాయి శుభలేఖల నమూనాలు తీసుకుని వచ్చింది. నాలుగు వీధుల అవతల మందుల షాపులో ఆమె పని. వచ్చి స్టూలు మీద కూర్చుని, అద్దాల పళ్ళేలు పక్కకు జరిపి, కార్డులు పరిచింది.

"ఇందులో ఏది?"

"ముందు ఒక మాట చెప్పాలి" అన్నాడు అతను. తలుపు దగ్గరగా వేశాడు. "మీ నాన్న హాలు కావాలనే పై అంతస్తులో తీసుకున్నారు. కింద ఖాళీ ఉన్నా వద్దన్నారట. మీ అక్క రాకుండా ఉండాలని. నువ్వు కంగారు పడకు, నేను..."

చెబుతూనే ఆమె ముఖం చూశాడు. కంగారు లేదు. ఆశ్చర్యం లేదు. చేతిలోని కార్డు అంచుని గోటితో మెల్లగా వంచుతోంది.

"నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"మొదటినుంచీ. నాన్న నన్ను అడిగే చేశాడు."

అద్దాలు అరగదీసే యంత్రం ఆపడం మరిచిపోయినట్టున్నాడు, అది ఉత్తినే తిరుగుతోంది. చెయ్యి చాచి ఆపాడు.

"సొంత అక్కని..."

"నువ్వు నీతులు చెప్పకు!" చిన్నమ్మాయి లేచి నిలబడింది. "నేను ముస్తాబై అందరి ముందూ నవ్వుతూ నిలబడాలి, ఎదురుగా తను ఆ కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండాలి. వచ్చినవాళ్ళంతా నన్నొకసారి చూసి, తననొకసారి చూసి, చెవులు కొరుక్కుంటారు. నా వల్ల కాదు. ఒక్క రోజు. ఆ ఒక్క రోజు నన్ను వదిలెయ్యమంటున్నాను. తప్పా?"

"మరి ఆవిడ రానందని మీ నాన్న ఎందుకు చెప్పారు?"

కార్డులు పోగుచేసి సంచిలో వేసుకుంది. తలుపు దగ్గర ఆగి, "అన్నిటికీ సరేలే అంటావు కదా. దీనికీ అను. నీకేం పోయింది?" అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమంతా అతనికి తేలుకుట్టినట్టే ఉంది. ఏడాదిగా ఎరిగిన మనిషి. దారిలో పిల్లి అడ్డుపడితే ఎత్తుకుని పక్కన దించే మనిషి. ఆమేనా ఈ మాటలన్నది? ఇలాంటి మనిషితో బతుకంతా ఎలా? అనుకున్నాడు ఒకసారి. భయంతో అన్న మాటని పట్టుకుని మనిషినే తూకం వేస్తున్నానేమో అనుకున్నాడు మరోసారి. ఎటూ తేలలేదు. తేలింది ఒక్కటే. వదిన నిజంగా రానందో లేదో ఆవిడనే అడగాలి.

*

మర్నాడు మామగారు డిపోలో ఉండే వేళ చూసుకుని వెళ్ళాడు. ఆ ఇంటి మెట్ల మీద మామగారు స్వయంగా కొట్టించిన చెక్క వాలు ఉంటుంది. వానకు జారకుండా దాని మీద గరుకు పట్టీలు అతికించింది కూడా ఆయనే. గుమ్మాలన్నీ కుర్చీ పట్టేలా పగలగొట్టించి వెడల్పు చేయించారు. ఇంత చేసిన మనిషి ఆ హాలు ఎందుకు తీసుకున్నాడో అతనికి అర్థం కాలేదు.

అత్తగారు తలుపు తీసి, వేళకాని వేళ అల్లుణ్ణి చూసి ఏదో అడగబోయి, ఊరుకున్నారు.

పెద్దమ్మాయి వీధివైపు గదిలో బల్ల ముందు ఉంది. చెవులకు హెడ్‌ఫోను. టాక్సీ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. ఏ కారు ఎక్కడికి పోవాలో చెప్పేది తనే. ఊరంతా తిప్పేదాన్ని, నేను మాత్రం కదలను అని తనే నవ్వుతుంటుంది.

"స్టేషను దగ్గర ఇద్దరు, పెద్ద సామాను. ఎడమ గేటుకి పో, కుడివైపు తవ్వేశారు... ఆఁ, పో పో." అతన్ని చూసి ఒక చెవి నుంచి హెడ్‌ఫోను పక్కకు జరిపింది. "రావయ్యా మరిదీ! పెళ్లికి ముందే అత్తారింటి మీద పడ్డావేంటి?"

అతను కూర్చోలేదు. కూర్చుంటే మాట రాదని తెలుసు. "వదినా, పెళ్లికి రానన్నారా మీరు?"

"ఎవరన్నారు?"

"మామయ్యగారు."

ఆమె హెడ్‌ఫోను పూర్తిగా తీసి బల్ల మీద పెట్టింది. "ఓహో. నేను రానన్నానన్నమాట. ఎప్పుడన్నానో ఏమో, నాకే తెలీదు." గొంతులో నవ్వుంది గానీ ముఖంలో లేదు. "నన్నెవరూ అడగలేదయ్యా. అడక్కుండానే నా జవాబు కూడా వాళ్ళే చెప్పేసుకున్నారు."

"మరి అడిగితే వస్తారా?"

"అది అడిగినప్పుడు చెప్తా. అడగాల్సింది నువ్వు కాదు."

కిటికీ వైపు చూస్తూ కాస్త తగ్గిన గొంతుతో అంది. "చెల్లి రోజూ పొద్దున టీ తెచ్చి ఇక్కడ పెడుతుంది. దిండు సరిచేస్తుంది. 'ఏమైనా కావాలా అక్కా' అంటుంది. 'వద్దు' అంటాను. వెళ్ళిపోతుంది. రెండేళ్లలో మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలన్నీ అవే. ఈ పెళ్లి సంగతి కూడా అమ్మ చెబితేనే నాకు తెలిసింది."

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. మామగారి బూట్లు. ఏ పని మీద ముందుగా వచ్చారో, అత్తగారే ఫోను చేశారో, గదిగుమ్మంలో నిలబడ్డారు.

"నేను లేనప్పుడు నా ఇంటికొచ్చి నా కూతుర్ని విచారణ చేస్తున్నావా?"

"లేదు మామయ్యగారూ, అడుగుతున్నాను."

"ఏమిటి నువ్వడిగేది? పెళ్లింకా కాలేదు, అప్పుడే పెత్తనమా?"

"పెళ్లి నాది కూడా."

"నీదా?" మామగారు నవ్వారు. "ఇన్నాళ్లూ ఎక్కడుందయ్యా నీ పెళ్లి? ఏది చూపిస్తే దానికి గంగిరెద్దులా తలాడించావు. ఇప్పుడొచ్చి నాదంటావా?"

అతని చెవులు వేడెక్కాయి. అందులో అబద్ధం లేదు. అదే మరీ మండించింది. "కింది హాలు తీసుకోండి మామయ్యగారూ. లేకపోతే..."

"ఆఁ, లేకపోతే?"

"లేకపోతే నేను రాను."

అన్నాక గానీ తనేమన్నాడో అతనికే తెలియలేదు. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. మామగారి ముఖం నల్లబడింది. ఆయన నోరు తెరిచేలోపే బల్ల మీద దబ్బున చప్పుడైంది. పెద్దమ్మాయి అరచేత్తో కొట్టింది.

"ఆపండి ఇద్దరూ! నేనిక్కడే ఉన్నాను. గదిలోనే ఉన్నాను. ఈయనేమో నేను రానని తేల్చేశాడు. నువ్వేమో వచ్చి తీరాలని తేలుస్తున్నావు. తేడా ఏంటట ఇద్దరికీ? కందకి లేని దురద కత్తిపీటకెందుకయ్యా? నా పేరు చెప్పి దాని పెళ్లి చెడగొడితే, రేపు ఆ పాపం ఎవరి నెత్తిన పడుతుంది? మళ్ళీ నా నెత్తినే. నడవండి బయటికి. లైన్లో కారుంది నాకు."

హెడ్‌ఫోను తగిలించుకుంది. ఇద్దరు మగవాళ్ళూ బయటికొచ్చారు. మామగారు వీధి తలుపు తీసి పట్టుకున్నారు. అతను చెక్క వాలు మీదుగా దిగి వచ్చేశాడు.

*

తర్వాత రోజులు అడకత్తెరలో పోకచెక్కలా గడిచాయి. చిన్నమ్మాయి ఫోను ఎత్తలేదు. మామగారి వైపు నుంచి కబురు లేదు. అతని తల్లికి సంగతి తెలిసి తల పట్టుకుంది. "పుట్టి బుద్ధెరిగాక నువ్వు నోరు తెరిచింది ఇదే. తెరిచి కొంప ముంచావు కదరా!" అంది. కాసేపటికి తనే మళ్ళీ, "ఆ పిల్లని రానివ్వకుండా చేయడం మాత్రం న్యాయం కాదులే" అని గొణిగి లోపలికి పోయింది.

వదిన మాటలే అతని చెవుల్లో తిరుగుతున్నాయి. తేడా ఏంటట ఇద్దరికీ? నిజమే. హాలు, మెట్లు, పంతం అంటూ అంత పోట్లాడాడు గానీ, అసలు అడగాల్సిన మనిషిని ఆ గదిలోకి పంపించడం ఎలాగన్నది ఆలోచించలేదు.

ఒక పూట సెలవు పెట్టి హాలు మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. కింది హాలు ఇంకా ఖాళీయేనా అని అడిగాడు.

"ఖాళీయే గానీ, ఇంకో పార్టీ వాళ్ళు పొద్దున్నే చూసి వెళ్ళారండీ. సాయంత్రం వచ్చి ఖాయం చేస్తామన్నారు. సార్ చేత ఒక్క ఫోను చేయించండి, మీకు రాసేస్తాను. సార్ చెప్పకుండా మాత్రం నేను మార్చలేను."

"సాయంత్రందాకా ఆగండి" అని చెప్పి, తిన్నగా మందుల షాపుకి నడిచాడు.

షాపులో జనం. కౌంటరు వెనక చిన్నమ్మాయి తెల్లకోటులో మందుల డబ్బాలు తీస్తోంది. అతన్ని చూసింది, చూడనట్టు తల తిప్పుకుంది. అతను వరసలో నిలబడ్డాడు. ముందు ఒక గర్భిణి, ఒక పోలీసు. వెనక దగ్గుతున్న ఒక పెద్దాయన. వంతు వచ్చింది.

"ఏం కావాలి?" అంది ఆమె, తెలియని మనిషిని అడిగినట్టు.

"నీతో మాట్లాడాలి."

"అది మా దగ్గర దొరకదు. తర్వాతవాళ్ళు రండి!"

అతను జరగలేదు. "ఆ రోజు మీ నాన్నతో అలా అనడం తప్పే. రానన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు ఎక్కడంటే అక్కడికి వస్తాను."

ఆమె చేతిలోని డబ్బా బల్ల మీద పెట్టింది.

"కానీ నువ్వొక్కసారి మీ అక్క దగ్గరికి వెళ్ళు" అన్నాడు అతను. "గుమ్మం దగ్గర నుంచి కాదు. లోపలికి వెళ్ళి కూర్చుని అడుగు. రమ్మని అడుగుతావో, రావద్దని అడుగుతావో నీ ఇష్టం. నీ నోటితో అడుగు. ఆవిడ ఏమంటే అది."

"ఏమంటుందో నీకు తెలుసా?"

"తెలీదు."

"నాకూ తెలీదు!" అంది ఆమె. "రెండేళ్లుగా ఆ గదిలోకి వెళ్ళిన ప్రతిసారీ ఇవాళ అంటుంది, ఇవాళ అనేస్తుంది అనుకుంటాను. నీ వల్లే నాకిలా అయిందని. అనదు. అనే టైము ఇవ్వకుండా నేనే వచ్చేస్తాను. ఇప్పుడెళ్ళి కూర్చుంటే అంటుంది. పెళ్లి ముందు ఆ మాట విని నేను బతకాలా?"

షాపులో అందరూ వింటున్నారు. మందు తీసుకున్న పోలీసు కూడా వెళ్ళకుండా చీటీ చదువుతున్నట్టు నటిస్తున్నాడు.

"అంటే అననీ" అన్నాడు అతను. "నేను తలుపు బయటే ఉంటాను."

"నువ్వుండి ఏం చేస్తావు?"

"ఏమో. ఉంటాను."

వెనకనున్న పెద్దాయన దగ్గి దగ్గి, "అమ్మా, వెళ్తే వెళ్ళు గానీ, ముందు నా మందు ఇచ్చి వెళ్ళు తల్లీ" అన్నాడు. ఎవరో నవ్వారు. చిన్నమ్మాయి నవ్వలేదు. ఆయన మందు తీసి ఇచ్చింది, పక్కనున్న అమ్మాయికి ఏదో చెప్పింది, కోటు విప్పి మేకుకు తగిలించింది.

దారి పొడుగునా రెండడుగులు ముందే నడిచింది. అతని చెయ్యి కూడా పట్టుకోలేదు.

*

అక్క గది ముందు చిన్నమ్మాయి ఒక్క క్షణం ఆగింది. తర్వాత లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

అతను బయట కుర్చీలో కూర్చున్నాడు. అత్తగారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. మొదట ఏమీ వినపడలేదు. తర్వాత పెద్దమ్మాయి గొంతు, మెల్లగా. తర్వాత చిన్నమ్మాయి గొంతు, ఏడుపుతో కలిసి. ఇద్దరివీ ఒకేసారి పెరిగాయి. మాటలు తెలియడం లేదు. గొంతులు మాత్రం గోడ దాటి వస్తున్నాయి.

సరిగ్గా అప్పుడే మామగారు వచ్చారు. అల్లుణ్ణి చూశారు, మూసిన తలుపు చూశారు. "లోపలెవరు?"

"ఇద్దరూ" అన్నారు అత్తగారు.

లోపల ఏదో భళ్ళున పగిలింది. గాజుగ్లాసై ఉంటుంది. మామగారు తలుపు వైపు దూసుకెళ్ళారు. అతను లేచి అడ్డం నిలబడ్డాడు. తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాడు.

"వద్దు మామయ్యగారూ."

"తప్పుకో!"

"వాళ్ళని మాట్లాడుకోనివ్వండి."

"అవి మాట్లాడుకోవడం కాదు, కొట్టుకుంటున్నాయి! నీకు తెలీదు, తప్పుకో!" ఆయన అతని భుజం పట్టుకుని లాగారు. చొక్కా కుట్టు పటుక్కుమంది. అతను తలుపు పిడి వదల్లేదు.

"అల్లుణ్ణి ఎందుకు లాగుతారు?" అన్నారు అత్తగారు, కూర్చున్న చోటి నుంచే. ఆవిడ గొంతు పెంచలేదు. "మీ భయం వాళ్ళు కొట్టుకుంటారని కాదు. మాట్లాడుకుంటే ఎక్కడిదాకా పోతుందోనని. ఆ రోజు వానలో ఆటోలో వెళ్తామని పెద్దది అన్నది. బండి ఉండగా ఆటో ఎందుకని, నడపడం సరిగ్గా రాని పిల్ల చేతికి తాళాలిచ్చింది ఎవరు? అది ఎక్కడ అడుగుతుందోనని, రెండేళ్లుగా ఆ ఇద్దర్నీ ఒక దగ్గర కూర్చోనివ్వలేదు మీరు. మధ్యలో నేనూ నోరు మూసుకున్నాను."

మామగారి చెయ్యి అతని భుజం మీంచి జారిపోయింది. డిపో అంతా వణికే ఆ గొంతు ఎటు పోయిందో. గోడ పక్కనున్న బల్ల మీద కూర్చుని, బూట్లు విప్పుకోబోయి, ఒకటే విప్పి ఆగిపోయారు.

లోపల ఇప్పుడు చప్పుడు లేదు. సాయంత్రం ఎండ గుమ్మంలోంచి తప్పుకుంది. హాలు మేనేజరు నుంచి అతనికి ఫోను వచ్చింది. ఎత్తాడు. "వాళ్ళు వచ్చేశారండీ, ఎదురుగా కూర్చున్నారు. ఏం చెప్పమంటారు?"

అతను మామగారి వైపు చూశాడు. ఆయన తల ఎత్తలేదు. మూసిన తలుపు వైపు చూశాడు. ఇప్పుడు తలుపు తట్టి అడగొచ్చు. అడిగితే లోపల జరుగుతున్నది ఆగిపోతుంది.

"వాళ్ళకే ఇచ్చెయ్యండి" అని ఫోను పెట్టేశాడు.

దీపాలు పెట్టాక తలుపు తెరుచుకుంది. ముందు చిన్నమ్మాయి వచ్చింది. కళ్ళు ఉబ్బిపోయాయి. చేతిలో గాజుముక్కలు చుట్టిన గుడ్డ. వెనక కుర్చీ నడుపుకుంటూ పెద్దమ్మాయి. ఆమె ముఖమూ అలాగే ఉంది.

"తిట్టాను" అంది పెద్దమ్మాయి, ఎవరూ అడక్కుండానే. "రెండేళ్లకి సరిపడా తిట్టాను. అదీ తక్కువేం తినలేదు, తిరిగి తిట్టింది. ఇప్పుడు ఆకలేస్తోందమ్మా." తండ్రి వైపు చూసింది. ఆయన చూపు కలపలేదు. "నీతో తర్వాత మాట్లాడతాను నాన్నా. ముందు పెళ్లి కానీ." తర్వాత అతని వైపు తిరిగి, "నేను వస్తున్నానయ్యా పెళ్లికి. ఇది అడిగింది, నేను సరేనన్నాను. కింది హాలు మాట్లాడు" అంది.

అతను తల గోక్కున్నాడు. "అది... ఇప్పుడే పోయింది వదినా. వేరేవాళ్ళకి ఇచ్చెయ్యమన్నాను."

"ఇచ్చెయ్యమన్నావా?" అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకేసారి అరిచారు.

"మీరు లోపల ఉన్నారు కదా, మధ్యలో..."

పెద్దమ్మాయి అతన్ని కాసేపు చూసింది. కుర్చీ తిప్పుకుని గదిలోకెళ్ళి హెడ్‌ఫోను పెట్టుకుంది. "అందరూ వినండయ్యా. మీలో పెళ్లిళ్ళకి మనుషుల్ని దింపేవాళ్ళు చెప్పండి. ఒక్క మెట్టు కూడా లేని చోటు కావాలి. పెళ్లా? ఆఁ, మా ఇంట్లోనే. నెలలోపు... అది వద్దు, దాని ముందు కాలవ ఉంది... అదీ వద్దు, గేటు ఇరుకు..." ఊళ్ళోని డ్రైవర్లందరూ తలొక మాట చెప్పారు. చివరికి ఒక ముసలి డ్రైవరు, సెలవు రోజుల్లో బడి భోజనశాల అద్దెకిస్తారని, తన మనవరాలి పెళ్లి అక్కడే చేశానని చెప్పాడు.

"పిల్లల బడిలోనా?" అన్నారు మామగారు. తలుపు తెరుచుకున్నాక ఆయన మాట్లాడింది అదొక్కటే. ఎవరూ జవాబు చెప్పకపోయేసరికి రెండో బూటు విప్పుకున్నారు.

*

ఆ తర్వాత పని అంతా అతని మీద పడింది. ఈసారి ఎవరూ 'నువ్వేమంటావు' అని అడగలేదు, అతనే అందర్నీ అడిగి వచ్చాడు. హెడ్‌మాస్టరు చుట్టూ తిరిగాడు. బల్లలు మరీ పొట్టివని తెలిసి పెద్దవి వెతికాడు, దొరకలేదు. చిన్నమ్మాయితో రెండుసార్లు గట్టిగానే గొడవపడ్డాడు. ఒకసారి గెలిచాడు. కార్డుల దగ్గర ఓడిపోయాడు.

పెళ్లి రోజు వచ్చినవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని తిన్నారు. అనుకున్నట్టే కొందరు చెవులు కొరుక్కున్నారు. పెద్దమ్మాయి తన కంపెనీ కారులో వచ్చి, చెల్లెలి పక్కనే ఉండి, జనం చూపులకు ఎదురు చూపు చూస్తూ కూర్చుంది. ఒక దూరపు చుట్టం జాలిగా తల నిమరబోతే, "జుట్టు చెదురుతుంది పిన్నీ, ఇప్పుడే దువ్వాను" అంది. చిన్నమ్మాయి మధ్యలో ఒకసారి ఏడ్చింది. అక్క తన రుమాలిచ్చింది.

మామగారు పగలంతా గేటు దగ్గరే నిలబడి కార్లు ఎటు ఆగాలో చెబుతూ గడిపారు. అల్లుడితో ఒక్క మాటా లేదు. భోజనాలు ముగిసి జనం పలచబడ్డాక అత్తగారు వెళ్ళి పిలిస్తే వచ్చి, పొట్టి బల్ల మీద అతని పక్కనే కూర్చున్నారు. పళ్ళెం ముందు పెట్టుకుని నాలుగు ముద్దలు తిన్నారు.

"నాన్నా" అంది పెద్దమ్మాయి, కుర్చీ దగ్గరకు తోసుకుంటూ. "నాకు డ్యూటీ టైమైంది. ఇంటిదాకా నువ్వు రా."

ఆయన తల ఎత్తి చూశారు. పళ్ళెం అలాగే వదిలి, చెయ్యి కడుక్కుని లేచారు.

బడి ఆవరణలో కంకర. కుర్చీ మెల్లగా పోవాలి. ఆయన వెనక నుంచి తోస్తుంటే, ఇద్దరూ ముందుకే చూస్తూ పోతున్నారు. గేటు దాకా వెళ్ళాక ఆమె చక్రం మీద చెయ్యి వేసి ఆపింది. ఏదో అంది. ఆయన వినపడనట్టు వంగారు. ఆమె మళ్ళీ అంది.

చిన్నమ్మాయి వచ్చి అతని పక్కన నిలబడింది. "ఏమంటోంది?"

"ఇంత దూరం వినపడటం లేదు."

మామగారు కుర్చీ ముందుకు వచ్చి, ఆ కంకరలోనే కూతురి ఎదురుగా కూర్చుండిపోయారు. పెద్దమ్మాయి మాట్లాడుతూనే ఉంది. చాలాసేపు అయింది. వాళ్ళ కోసం ఆగిన కారు డ్రైవరు ఒకసారి అటు చూసి, ఇంజను ఆపేశాడు.